‘మొండిపట్టు’ పొగడ్తా, తెగడ్తా?

ప్రశ్న: మా పాఠశాలలో పదవీ విరమణ చేసిన ప్రధానోపాధ్యాయురాలికి సన్మాన పత్రం రాసే పని నాకు అప్పగించారు. అందులో “మొండిపట్టుతో మన పాఠశాలకు ప్రహరీగోడను సాధించిన ధీశాలి” అని ఒక మాట రాశాను. సభలో చదివినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. మరునాడు ఆవిడ ఫోన్ చేసి, “ఇన్నేళ్లు కలిసి పనిచేశాక నీకు నేను మొండిదానిలా కనిపించానా అమ్మా?” అన్నారు. నవ్వుతూనే అన్నారు గాని నా మనసు చివుక్కుమంది. తెలుగు బోధించే మా సహోపాధ్యాయుడు మాత్రం నిఘంటువు తెరిచి చూపించి, మొండితనం, పట్టుదల, పంతం, హఠం అన్నీ పర్యాయపదాలే కనుక తప్పేమీ లేదంటున్నారు. నేను రాసినది తప్పా? పత్రాన్ని మళ్లీ రాయించి ఇవ్వమంటారా? ఇంతకీ ‘మొండిపట్టు’ను కలిపి రాయాలా, విడదీసి రాయాలా?

సమాధానం: ముందుగా మీకు కావలసిన మాట చెబుతాను. పత్రాన్ని మళ్లీ రాయించి ఇవ్వండి. మీరు రాసినది వ్యాకరణం ప్రకారం తప్పు కాదు, మీ ఉద్దేశంలోనూ తప్పు లేదు. కాని ఆ మాట గోడకు వేలాడదీసే కాగితం మీద ఉండదగినది కాదు. మీ సహోపాధ్యాయుడు చెప్పినది కూడా అబద్ధం కాదు. అయితే నిఘంటువు పర్యాయపదాలను వరసగా ఇవ్వడమంటే ఒకే ఇంటిపేరు గలవారినందరినీ ఒక బల్ల మీద కూర్చోబెట్టడం వంటిది. ఇంటిపేరు కలిసినంత మాత్రాన స్వభావాలు కలవవు. మీరు అడిగిన నాలుగు మాటలలో ప్రతి ఒక్కటీ వేరే చోట పుట్టి, వేరే దారిన నడిచి, ఇప్పుడు ఒకచోట కలిసినట్టు కనిపిస్తున్నది.

‘మొండి’ అన్న మాటకు మొదటి అర్థం మనిషి గుణం కాదు, వస్తువు ఆకారం. కొన తెగినది, అంచు అరిగినది, చివర ఉండవలసినది లేనిది మొండి. పదును పోయిన కత్తి మొండికత్తి, అరిగి అరిగి పుల్లల మొదళ్లు మాత్రం మిగిలిన చీపురు మొండిచీపురు, పైకప్పు పోయి నిలిచిన గోడలు మొండిగోడలు. తల లేని శరీరాన్ని మొండెం అనడంలోనూ ఉన్నది ఈ మాటే. పొరుగున కన్నడంలో ‘మొండు’ అన్నా ఇదే జంట అర్థం, ఒకవైపు మొద్దుబారడం, మరొకవైపు మాట వినకపోవడం. బ్రౌన్ దొర నిఘంటువు 1852లో అచ్చయింది. అప్పటికే ఈ రెండు అర్థాలూ ఒకే మాట కింద చేరి ఉన్నాయి. కనుక మొద్దుబారిన వస్తువు నుండి మొండి మనిషి దాకా నడక ఇటీవలిది కాదు.

ఆ నడక ఎలా సాగిందో ఊహించడం కష్టం కాదు. ఒక మొండికత్తిని చేతిలోకి తీసుకొని టమాటా మీద పెట్టి చూడండి. మీరు ఎంత నొక్కితే కాయ అంత అణుగుతుంది, తొక్క మడత పడుతుంది, చివరకు చితుకుతుంది గాని తెగదు. మీ బలమంతా కత్తిలోకి వెళ్తూనే ఉంటుంది, ఫలితం మాత్రం రాదు. మాట వినని మనిషితో గంటసేపు మాట్లాడి లేచినవాడికి కలిగే విసుగు సరిగ్గా ఇటువంటిదే. చెప్పిన ప్రతి మాటా లోపలికి పోతూనే ఉన్నట్టుంటుంది, ఒక్కటీ పనిచేయదు. అందువల్ల ‘మొండి’ అన్న మాట ఎదుటి మనిషిని వర్ణిస్తున్నట్టు కనిపించినా, నిజానికి అది అనేవాడి విసుగును మోస్తుంది. మీ ప్రధానోపాధ్యాయురాలి చెవికి తగిలినది ఆ విసుగే. మీరు విసుక్కోలేదు, మాట తన పాత విసుగును వెంటబెట్టుకొని వచ్చింది.

ఇక్కడ ఒక చిత్రం గమనించండి. నాగలి కట్టగానే కాలు కదపని ఎద్దు మొండికేసిందంటాం, ఉదయం ఎంత తిప్పినా అంటుకోని ఇంజను మొండికేసిందంటాం, బడికి వెళ్లనని గుమ్మం పట్టుకున్న పిల్లవాడు మొండికేశాడంటాం. ఈ మూడింటిలోనూ మొండితనమంటే కదలకపోవడం. మరోవైపు జ్వరంతోనే పరీక్షకు వెళ్లిన అమ్మాయి మొండిగా వెళ్లిందంటాం, నలుగురూ వద్దన్నా చీకట్లో ఏరు దాటినవాడు మొండిగా దాటాడంటాం. ఇక్కడ మొండితనమంటే ఆగకపోవడం. కదలనన్నా మొండే, ఆగనన్నా మొండే. ఈ రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే, పక్కనున్నవారి మాట పనిచేయకపోవడం. అయితే ‘మొండికేయు’ అన్న క్రియను పని సాధించినవారి గురించి ఎన్నడూ వాడకూడదు; అది ఆపేసినవారికే చెల్లుతుంది. ‘మొండిగా’ అన్న క్రియావిశేషణం మాత్రం రెండు వైపులా పోతుంది. మీరు “మొండికేసి సాధించారు” అని రాయనందుకు సంతోషించండి, అప్పుడు అర్థమే తలకిందులయ్యేది.

ఈ మాట తన వెనక వచ్చే నామవాచకాన్ని బట్టి రంగు మారుస్తుంది. మొండివాదన అంటే తిరస్కారం. మొండి జబ్బు అంటే మందుకు లొంగనిది. మొండిఘటం అంటే కొంత కోపం, కొంత ముచ్చట. మొండిధైర్యం దగ్గరకు వచ్చేసరికి పొగడ్త వైపు మొగ్గుతుంది గాని ఆ పొగడ్తలోనూ “ఏమి చూసుకొని ఇతనికి ఇంత ధైర్యం” అన్న నిట్టూర్పు ఉంటుంది. మొక్కల గురించి మాట్లాడేవారు “ఇది మొండి మొక్క, నాలుగు రోజులు నీళ్లు పోయకపోయినా చావదు” అంటారు. నాకు తెలిసినంతలో ‘మొండి’ అన్న మాట ఏ కల్మషమూ లేకుండా మెచ్చుకోలుగా వినిపించేది అక్కడే. మొక్కతో మనం వాదించము కనుక విసుగుకు చోటు లేదు కాబోలు.

బ్యాంకులలో అసలు గాని వడ్డీ గాని 90 రోజులకు మించి చెల్లించకుండా ఉండిపోతే ఆ అప్పును నిరర్థక ఆస్తిగా లెక్కిస్తారు. పత్రికలు దానికి పెట్టుకున్న చక్కని పేరు ‘మొండి బకాయి’. ఎగవేసినవాడిని ఏమీ అనకుండా మొండితనాన్ని బకాయికి అంటగట్టిన ఈ మర్యాదను చూసి నేను అప్పుడప్పుడు నవ్వుకుంటాను. ‘మొండిచెయ్యి చూపడం’ మాత్రం వేరు. అది ఇస్తామన్నది ఇవ్వకుండా వట్టిచేతులతో పంపడం. బడ్జెట్ వచ్చిన మరునాడు శీర్షికలలో ఈ మాట తప్పనిసరిగా కనిపిస్తుంది. అది తెగిన చేతిని గుర్తుచేసే పలుకుబడి. నుడికారంగా పాతుకుపోయింది కనుక శీర్షికలలో దానిని ఆపలేము గాని, చెయ్యి కోల్పోయిన మనిషి గురించి రాసేటప్పుడు ‘మొండి’ని అతని ఛాయలకు కూడా రానివ్వకూడదు. ఒకప్పుడు ఊళ్లలో పేరుకు ముందు ఆ మాట చేర్చి పిలిచేవారు. అది వినేవారికి ఎంత నొప్పి కలిగించి ఉంటుందో ఇప్పుడైనా తెలుసుకోవాలి.

‘పట్టు’ వంశం వేరు. దానికి మూలం చెయ్యి. చేత్తో పట్టుకోవడం, పట్టు బిగించడం, పట్టు సడలించడం, పట్టు విడవడం. పట్టుదలలోని ‘దల’ పెరుగుదలలోనూ తగ్గుదలలోనూ విడుదలలోనూ ఉన్న ప్రత్యయమే. కనుక పట్టుదల, విడుదల ఒకే అచ్చులో పోసిన ఎదురుబొదురు మాటలు. పట్టుకున్న చెయ్యి తలచుకుంటే విడవగలదు. విడవగలిగి కూడా విడవకపోవడంలో ఒక నిర్ణయం ఉన్నది. తెగిన కొనకు అటువంటి ఎంపిక లేదు, అది తెగి ఉన్నది, అంతే. పట్టుదలను గుణంగా, మొండితనాన్ని స్వభావదోషంగా మన చెవి వినడానికి నాకు తోచే కారణం ఇదే. ‘పట్టువిడుపులు’ అన్న జంటపదం చూడండి. పట్టు పక్కనే విడుపును కూర్చోబెట్టింది భాష. మొండితనానికి అటువంటి జోడు లేదు.

వేమన ఈ మాటతో ఆడుకున్న తీరు మీకు తెలిసినదే. “పట్టుపట్టరాదు, పట్టి విడువరాదు, పట్టెనేని బిగియపట్టవలయు” అన్నాడు. మొదటి మాట అందరూ మరిచిపోతారు. బిగియపట్టమన్న మూడవ మాటనే బడిలో పిల్లలచేత వల్లె వేయిస్తారు గాని, అసలు పట్టుపట్టవద్దన్నది ఆయన మొదటి హెచ్చరిక. పట్టు అన్నది తొందరపడి పట్టేది కాదని ఆయన చెబుతున్నాడు. పట్టు ఆలోచించి చేసే పని అన్నది వేమన నాటికే తెలుగువారికి స్పష్టంగా ఉన్నదన్నమాట.

అలాగని పట్టుదల అన్ని వేళలా కడిగిన ముత్యం కాదు. దాని మంచిచెడ్డలు విభక్తిలో ఉన్నాయి. “పట్టుదలతో చదివాడు” అంటే మెప్పు. “పట్టుదలకు పోయి ఇద్దరూ చెడ్డారు” అంటే నింద. బహువచనంలో పెడితే పూర్తిగా చేదైపోతుంది; “అన్నదమ్ముల మధ్య పట్టుదలలు పెరిగాయి” అన్న వాక్యంలో ఎవరూ పరీక్షలో నెగ్గడం లేదు, కోర్టుకు పోతున్నారు. ఈ ‘కు పోవు’ అన్న అమరిక తెలుగులో ఒక చిన్న ఉరి వంటిది. పంతానికి పోవడం, బిగువుకు పోవడం, గొప్పకు పోవడం, మొహమాటానికి పోవడం, ఇలా ఏ గుణాన్నైనా అందులో తగిలిస్తే చివర నష్టం తప్పదు. గొప్పకు పోయినవాడు అప్పులపాలవుతాడు, మొహమాటానికి పోయినవాడు మరొకరి పని నెత్తిన వేసుకుంటాడు. పోయి బాగుపడినవాడిని నేను ఏ వాక్యంలోనూ చూడలేదు. కాబట్టి మాటను ఒంటరిగా నిఘంటువులో చూసి మంచిదో చెడ్డదో తేల్చడం కుదరదు; అది ఏ ప్రత్యయంతో, ఏ క్రియతో వస్తున్నదో చూడాలి.

పట్టు విషయంలోనే మరొక జాగ్రత్త చెప్పాలి, మీరు పిల్లలకు చెప్పేవారు కనుక. ‘పట్టుబట్టు’ వేరు, ‘పట్టుబడు’ వేరు. మొదటిది పట్టుపట్టడం, అంటే కావలసినదే కావాలనడం. రెండవది దొరికిపోవడం. “రోడ్డు వేయాలని గ్రామస్థులు పట్టుబట్టారు” అనవలసిన చోట “పట్టుబడ్డారు” అని అచ్చయిన వార్తను నేను ఒకసారి ప్రూఫులో పట్టుకోలేకపోయాను. రోడ్డు అడిగిన పాపానికి ఊరు ఊరంతా దొంగలైపోయింది. ఒక్క ఒత్తక్షరం చేసిన పని అది. ఆ తప్పు నాదే, కనుక ఇప్పటికీ ఆ రెండు మాటలలో ఏది కనిపించినా ఆగి రెండుసార్లు చదువుతాను.

పంతానికి మనిషి కావాలి. ఎదుట ఒకరు లేనిదే పంతం లేదు. పట్టుదలతో కొండ ఎక్కవచ్చు, పంతంతో ఎక్కితే ఎవరో ఎక్కలేవన్నారని అర్థం. పంతం నెగ్గించుకోవడం అనే పలుకుబడిలో ఓడినవాడు కనిపించకుండానే ఉన్నాడు. మీ ప్రధానోపాధ్యాయురాలికి “పంతం పట్టి గోడ కట్టించారు” అని రాసి ఉంటే, ఏ అధికారితోనో ఆవిడకు కయ్యమున్నదని చదివినవారు అనుకునేవారు. హఠం సంస్కృతం నుండి వచ్చినది, అక్కడ దానికి బలాత్కారమని అర్థం. ‘హఠాత్తుగా’లోనూ ఆ మాటే ఉన్నది. తెలుగులో హఠం చేసేది ఎక్కువగా పిల్లలు. తెలంగాణలో ఆ స్థానాన్ని ఉర్దూ మీదుగా వచ్చిన ‘జిద్దు’ తీసుకున్నది. దాని అరబ్బీ మూలానికి ‘వ్యతిరేకం’ అని అర్థం కనుక, జిద్దు చేసేవాడు మీరు ఏమంటే దానికి అడ్డం అంటాడు. మంకుపట్టులోని ‘మంకు’కు కన్నడంలో మందకొడితనమని అర్థం. మారాం, పెంకితనం ఎక్కువగా చిన్నపిల్లల గురించి అనేవి. వీటిలో ఏదీ సన్మాన పత్రంలోకి రాదగినది కాదు, ఆ సంగతి మీకే తెలుసు.

‘భీష్మించు’ గురించి మీరు అడగలేదు గాని చెప్పకుండా ఉండలేను. సంస్కృతంలో భీష్ముడంటే భయంకరుడు. సత్యవతిని తండ్రికి ఇచ్చి పెళ్లి చేయించడానికి రాజ్యమూ వద్దు, పెళ్లీ వద్దు అని దేవవ్రతుడు చేసిన ప్రతిజ్ఞ అంత భయంకరమైనది కనుక ఆ పేరు వచ్చింది. తెలుగువాడు ఆ పేరుకు ‘ఇంచు’ తగిలించి క్రియను చేశాడు, దానికి ‘కూర్చోవడాన్ని’ జోడించాడు. ఇప్పుడు భీష్మించుకొని కూర్చునేవారిలో ఎక్కువమంది బొమ్మ కొనిపెట్టలేదని అలిగిన పిల్లలు, లేదా కుర్చీ దిగనన్న నాయకులు. మహాభారతంలోకెల్లా పెద్ద త్యాగం మన నోటిలో అలకగా మారిపోవడంలో అగౌరవం లేదు, ఇంటివారి చనువు ఉన్నది. అయినా పెద్దవారి గురించి గౌరవంగా రాసే చోట ఈ మాట వెటకారంగానే వినిపిస్తుంది. దీనితో పోల్చితే భగీరథుడు అదృష్టవంతుడు. ‘భగీరథ ప్రయత్నం’ ఇప్పటికీ పూర్తి గౌరవంతో ఉన్నది, కాకపోతే ప్రతి సన్మాన పత్రంలోనూ ఉన్నది కనుక ఎవరికీ వినబడదు.

‘మూర్ఖుడు’ అన్న మాటతో కూడా ఇటువంటి పేచీయే ఉన్నది. సంస్కృతంలో అది తెలివిలేనివాడు. తెలుగు వాడుకలో మూర్ఖుడు చాలావరకు మాట విననివాడు. “అంత మూర్ఖంగా ఉండకు” అన్నప్పుడు తెలివి లేదని కాదు, వినడం లేదని మన ఫిర్యాదు. ఏనుగు లక్ష్మణకవి తెనిగించిన భర్తృహరి పద్యం చివర “చేరి మూర్ఖుల మనసు రంజింపరాదు” అని ఉన్నది. మూల శ్లోకంలో ఉన్నది వట్టి మూర్ఖుడు కాదు, ‘ప్రతినివిష్ట’ మూర్ఖుడు, అంటే ఒక అభిప్రాయంలో బిగుసుకొని కూర్చున్నవాడు. తెలుగు పద్యంలో ఆ విశేషణం లేదు, అయినా మనకు అర్థం లోపించినట్టు అనిపించదు. ఇసుక నుండి నూనె తీయడం కంటే కష్టమైనది తెలివి తక్కువవాడిని మెప్పించడం కాదని, బిగుసుకున్నవాడిని మెప్పించడమని తెలుగు పాఠకుడు ఆ ఒక్క మాటలోనే గ్రహిస్తాడు.

ఇక అసలు ఆవిడకు ఎందుకు తగిలిందో చెబుతాను. ఇది అర్థానికి సంబంధించినది కాదు, మర్యాదకు సంబంధించినది. ‘మొండి’ నుండి మనుషులకు చెప్పే నామవాచకాలు రెండే వాడుకలో ఉన్నాయి, మొండివాడు, మొండిది. గౌరవవాచకం నోటికి రాదు. “ఆయన గొప్పవారు”, “ఆవిడ మంచివారు” అని హాయిగా అంటాం. “ఆవిడ మొండివారు” అని ఎవరైనా అంటే అది వెక్కిరింతలా ఉంటుంది. మర్యాద నిలుపుకోవాలంటే “మొండి మనిషి” అని చుట్టు తిరిగి రావాలి. మీరు రాసినది ‘మొండిపట్టు’ అయినా, ఆవిడ తన గురించి తాను మనసులో అనుకొని చూసుకున్నప్పుడు భాష ఆవిడకు అందించిన రూపం ‘మొండిది’. ఫోన్లో అన్నదీ ఆ మాటే. ముప్ఫై ఏళ్లు ‘మీరు’ అనిపించుకున్న మనిషిని ఒక్క మాట ‘అది’ దగ్గరకు దించింది. పైగా ఈ మాట మగవారి కంటే ఆడవారి మీద ఎక్కువగా పడుతుంది. ఒకే పనికి అతను పట్టుదల గల మనిషి, ఆమె మొండిది. ఉద్యోగ జీవితంలో ఆవిడ ఈ మాటను వెనక నుండి ఎన్నిసార్లు విని ఉంటారో మనకు తెలియదు. చివరి రోజున వేదిక మీద నుండి వినవలసి రావడం తప్పకుండా చివుక్కుమంటుంది.

ఎవరు ఎవరిని అంటున్నారన్నది కూడా లెక్కలోకి వస్తుంది. తనను తాను మొండివాడినని చెప్పుకునేవాడు నిజానికి కొంత గర్వపడుతున్నాడు. “మొండివాడు రాజుకంటే బలవంతుడు” అన్న సామెత అతని పక్షం. తల్లి బిడ్డను అంటే ముద్దు. సమాన వయస్కులు ఒకరినొకరు అనుకుంటే వేళాకోళం. చిన్నవారు పెద్దవారిని అన్నప్పుడు, అందునా సంతకాలు పెట్టిన కాగితం మీద, అది తీర్పు అవుతుంది. మాట్లాడేటప్పుడు గొంతు, నవ్వు, కళ్లు ఆ తీర్పును మెత్తబరుస్తాయి. సభలో మీరు చదివినప్పుడు చప్పట్లు వచ్చినది అందుకే. ఇంటికి వెళ్లి పత్రాన్ని విప్పి చదువుకున్నప్పుడు మీ గొంతు ఆవిడ పక్కన లేదు.

మీ వాక్యంలో ఇంకొక చిక్కు కూడా ఉన్నది, బహుశా మీరు గమనించి ఉండరు. ‘సాధించు’ కూడా రెండంచుల మాటే. లక్ష్యాన్ని సాధించవచ్చు, మనుషులనూ సాధించవచ్చు. ఇంట్లో ఒకరు మరొకరిని పొద్దస్తమానం సాధిస్తున్నారంటే అది వేధింపే. ఒంటరిగా ఉన్నప్పుడు ‘సాధించిన’ అన్న మాటకు ఏ దోషమూ అంటదు. కాని దాని ముందు ‘మొండిపట్టుతో’ అని చేర్చగానే ఆ రెండవ అర్థం కొద్దిగా తల ఎత్తుతుంది, అధికారుల ప్రాణం తీసి గోడ కట్టించుకున్నారన్న ధ్వని వస్తుంది. చివరనున్న ‘ధీశాలి’ ఒంటరిగా ఈ రెండింటినీ మోయలేదు.

దాని బదులు ఏమి రాయవచ్చునంటే, నా సలహా గుణవాచకాన్ని మానేసి పనిని చూపించమని. “పంపిన అభ్యర్థన ప్రతిసారీ తిరిగివచ్చినా పట్టు సడలనీయక, మళ్లీ రాసి, మళ్లీ స్వయంగా వెళ్లి అడిగి, పిల్లల భద్రత కోసం ఈ పాఠశాలకు ప్రహరీగోడ తెచ్చారు” అని రాస్తే మీరు చెప్పదలచినదంతా వస్తుంది, ఎవరికీ నొప్పి ఉండదు. ఎన్నిసార్లు తిరిగారో, ఎన్నేళ్లు పట్టిందో మీకు తెలిసి ఉంటే ఆ అంకె కూడా వేయండి. ‘అకుంఠిత దీక్షతో’ వంటి అరిగిన మాటల కంటే “నాలుగేళ్లలో పదకొండు ఉత్తరాలు” వంటి వివరం ఎక్కువ గౌరవం చేస్తుంది. అంకెలు మాత్రం మీ దస్త్రాలలో చూసి వేయాలి, నా ఉదాహరణలోనివి కాదు. ఒక్క మాటలోనే చెప్పాలని పట్టుబడితే, చూశారా, నేనూ మళ్లీ తప్పు రాయబోయాను, పట్టుబట్టితే, ‘పట్టువదలని’ అన్న విశేషణం ఉన్నది. చందమామలోని బేతాళ కథలు దానిని విక్రమార్కుడి పేరుకు ముడివేసి తరాల పిల్లల నోట నానబెట్టాయి. ఆ రాజు ప్రతిసారీ మౌనం భంగం చేసుకొని శవాన్ని పోగొట్టుకుంటాడు, ఒక్క మాట విసుక్కోకుండా చెట్టు దగ్గరకు తిరిగి వెళ్తాడు, అయినా అతన్ని మొండివాడని ఎవరూ అనలేదు. అతని పట్టు ఒప్పుకున్న పని మీద ఉన్నది గాని బేతాళుడి మీద కాదు.

కొత్త పత్రం తీసుకొని వెళ్లినప్పుడు క్షమాపణను పెద్దది చేయకండి. పెద్దది చేస్తే ఆవిడే మిమ్మల్ని ఓదార్చవలసి వస్తుంది. “అమ్మా, నేను మెచ్చుకుందామని రాసిన మాట మెచ్చుకున్నట్టు రాలేదు, సరిచేసి తెచ్చాను” అంటే చాలును. పాత పత్రాన్ని తిరిగి ఇమ్మని మాత్రం అడగవద్దు. ఆవిడ నవ్వుతూనే అన్నారని మీరే రాశారు, ఆ నవ్వులో కొంత నిజంగా నవ్వే అయి ఉండవచ్చు, తన మొండితనం మీద తనకు ఇష్టం లేనివారు తక్కువ. ఏ పత్రం గోడకు తగిలించుకోవాలో ఆవిడే చూసుకుంటారు.

చివరి ప్రశ్నకు వస్తే, మొండిపట్టు, మొండితనం, మొండిధైర్యం, మొండిఘటం, మొండిచెయ్యి వంటివి రెండు ముక్కలు కలిసి ఒకే భావాన్ని ఇస్తాయి కనుక కలిపే రాయండి. మొండి బకాయి, మొండి మొక్క, మొండి జబ్బు, మొండి మనిషి వంటి చోట్ల ‘మొండి’ తరవాతి మాటకు విశేషణంగానే నిలుస్తుంది, విడిగా రాయడం చూపుకు హాయిగా ఉంటుంది. కలిపితే తప్పని ఎవరూ అనరు. ‘మొండి కేశాడు’ అని విడదీయడం మాత్రం తప్పు. అది మొండికి, వేశాడు అన్న రెండు మాటలు కలిసి ‘మొండికేశాడు’ అయినది. మధ్యలో విరిస్తే ‘కేశాడు’ అన్న అర్థం లేని ముక్క మిగులుతుంది.